మూడూళ్ళ చింతపండు

కరిపులి అన్న మాట కొత్తగా విన్నవాళ్ళెవరైనా ఏదో అడవి జంతువు అనుకుంటారు. కరి అంటే ఏనుగు, పులి అంటే పులే కదా! పైగా కుప్పం, పలమనేరు అడవుల్లో ఏనుగుల గుంపులు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అనుమానం ఇంకాస్త బలపడుతుంది. కానీ మా వైపు కరిపులి అంటే మేలురకం చింతపండు. తమిళంలో 'పుళి' అంటే చింతపండే. మూడు రాష్ట్రాల హద్దులు ఒక్కచోట కలిసే నేల మాది. మనుషుల్లాగే మాటలు కూడా టికెట్టు లేకుండా ఇటూ అటూ తిరిగి, నచ్చినచోట కాపురం పెట్టేస్తాయి. పేపర్లో హిందూపురం మార్కెట్ ధరలు చూడండి. కరిపులి ఇంత, ఫ్లవర్ ఇంత అని రెండు రకాలుగా వేస్తారు. కరిపులికి ధర ఎక్కువ, ఫ్లవర్‌కు తక్కువ.

ఇంత ఖరీదు పెట్టి కొంటాం గానీ, చింతపండు గురించి మనం ఒక్క ప్రశ్న కూడా వెయ్యం. బియ్యం కొనేటప్పుడు సోనామసూరా, పాతవా కొత్తవా అని అడుగుతాం. మామిడిపండ్ల దగ్గరైతే బుట్టలోంచి ఒకటి తీసి వాసన చూస్తాం. ఏ తోటవి అని కూడా అడుగుతాం. చింతపండు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'గింజ ఉందా, లేదా' అన్నంతవరకే. పులుపు పులుపే కదా అని మన ధీమా.

ఆ ధీమా మా ఇంట్లో కుదరలేదు. కారణం మా అత్త.

మా అత్తకు ఎనభై మూడేళ్ళు. పుట్టిల్లు కుప్పం దగ్గర ఒక పల్లె. అక్కడ వాళ్ళ చేను గట్టు మీద ఒక చింతచెట్టు ఉండేది. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో వాడింది ఆ చెట్టు చింతపండే. శివరాత్రి దాటాక కుప్పం నుంచి గోనెసంచి వచ్చేది. మేం మదనపల్లెలో ఉంటాం. సంచి దిగిందంటే నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ అదే పని. ఎండబెట్టడం, పెంకు కొట్టడం, గింజలు తీయడం, ఈనెలు లాగడం, రాళ్ళ ఉప్పు చల్లి జాడీల్లో కూరడం. పిల్లలు చింతగింజలతో అచ్చనగండ్లు ఆడేవాళ్ళు. ఆరేళ్ళ కిందట అన్నదమ్ముల వాటాలు తేలాయి. చెట్టున్న చెక్క అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు చెట్టు కొట్టేశారు. చింతమొద్దుకు గిరాకీ ఎక్కువ. మాంసం కొట్లో కత్తి దెబ్బలకు తట్టుకునేది ఆ చెక్కే. పాత చింతపండు రెండు జాడీలు మిగిలి ఉంటే, మా అత్త దాన్ని బంగారంలా పొదుపు చేస్తూ వచ్చింది. మేమేమో రోజువారీ వంటకు అంగడి సరుకు తెచ్చుకుంటూ, ఆమె చారుకు మాత్రం ఆ జాడీలోంచి తీసేవాళ్ళం.

కిందటేడు ఆమెకు జ్వరం వచ్చి నెలరోజులు మంచం పట్టింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ నోటి రుచిని కూడా తీసుకెళ్ళింది. డాక్టరు గారు పథ్యాలేమీ పెట్టలేదు. 'ఏది తింటానంటే అది పెట్టండి, తినడమే మందు' అన్నారు. ఆమె తింటానన్నది చారన్నం ఒక్కటే. సరిగ్గా అప్పుడే జాడీ అడుగంటింది. అంగడి చింతపండుతో కాచిన చారు నోట్లో పెట్టుకుని, "ఇది చారా? కుంకుడుకాయ నీళ్ళు" అని పళ్ళెం పక్కకు జరిపేసింది. ముద్దలు లెక్కపెట్టుకుని తినే మనిషి పళ్ళెం జరిపితే, వండినవాళ్ళకు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకని ఈ ఏడు సీజన్లో ఒక నిర్ణయం తీసుకున్నాను. ఎక్కడో ఒకచోట, ఏటా తెచ్చుకోదగిన చింతపండును పట్టుకోవాలి. మా ఇంటికి, హైదరాబాదులో కొడుక్కి, బెంగుళూరులో కూతురికి కలిపి ఏడాదికి పదిహేను కిలోలు కావాలి. తడవకొక అంగట్లో తెచ్చుకుంటే కుదరదు.

ఈ వెతుకులాటకు ఊపిచ్చినవాడు మా తమ్ముడి కొడుకు. వాడుండేది కాలిఫోర్నియాలో, కూపర్టినోలో. సంక్రాంతికి వచ్చినప్పుడు నా బాధ విని, "అత్తా, మా దగ్గర ద్రాక్షసారా కంపెనీలు సరిగ్గా ఇదే చేస్తాయి" అన్నాడు. మా అత్త పక్కనే ఉంది. ఆ మాట ఎత్తొద్దని కళ్ళతో సైగ చేశాను గానీ, వాడు ఆగితే కదా! వాళ్ళ ఊరి కొండ మీద రిడ్జ్ అని ఒక కంపెనీ ఉందట. జిన్‌ఫండెల్ అనే నల్లద్రాక్షకు ఆ దేశంలో మంచి పేరు. ఆ కంపెనీ వేరువేరు తోటల పంటను ఒక్క తొట్టిలో పొయ్యకుండా, తోట పేరుతోనే సీసాలు నింపుతుంది. గైసర్‌విల్ అనేది 1966 నుంచి, లిటన్ స్ప్రింగ్స్ అనేది 1972 నుంచి. రెండు తోటలూ సొనోమా అనే జిల్లాలోవే, రెంటిలోనూ ఎక్కువ భాగం ఆ ద్రాక్షే. అయినా రుచి తేడా. తాగేవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుని, నాకు ఇది కావాలంటే నాకు అది కావాలని వాదించుకుంటారట. ఇంకో చిత్రం చెప్పాడు. ఆ ద్రాక్ష అసలు అమెరికాది కానే కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో చాలాకాలం తెలియలేదు. 2001లో డీఎన్ఏ పరీక్షల్లో, క్రొయేషియా సముద్రతీరంలో మిగిలి ఉన్న ఒక పాత రకమూ ఇదీ ఒకటేనని తేలిందట.

మా అత్త అంతా విని, "తాగేదానికే అంత వెతుకుతారా వాళ్ళు! మనం తినేదానికి వెతికితే తప్పేముంది?" అంది. అంతకన్నా అనుమతి ఏం కావాలి?

మూడు చోట్ల నుంచి తెప్పించాను. ఒకటి కుప్పం వైపు నుంచి. మా అత్త పుట్టింటి చేనుకు రెండు పొలాల అవతల ఉన్న చెట్టుది. రెండోది మదనపల్లె దగ్గరే, తెట్టు వైపు నుంచి. నాతో బడిలో పనిచేసిన టీచరు వాళ్ళ సొంత చెట్టుది. మూడోది పుంగనూరులో ఒక మండీ నుంచి. పుంగనూరు అంటే ఇప్పుడు అందరికీ పొట్టి ఆవులే గుర్తుకొస్తున్నాయి గానీ, చింతపండు వ్యాపారానికి కూడా ఆ ఊరికి పాత పేరుంది. మూడూ ఈ సీజన్‌వే. అన్నీ రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్న ఎర్రనేలల ఊళ్ళే. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా, పలమనేరు, వి.కోట దాటుకుని కుప్పం పోతే వంద కిలోమీటర్ల పైమాటే. దారి పొడుగునా చింతచెట్లు కనిపిస్తూనే ఉంటాయి. రోడ్లు వెడల్పు చేసినచోట మాత్రం మొద్దులు కూడా మిగల్లేదు.

పుంగనూరుకు నేనే వెళ్ళాను. ఒక పాత ఇంటి వసారాలో ఆడవాళ్ళు పదిమంది దాకా కూర్చుని చింతపండు కొడుతున్నారు. ఎడమ చేత్తో కాయ పట్టుకుని, కుడిచేతిలోని చిన్న ఇనపకడ్డీతో ఒక్క దెబ్బ. గింజ ఎగిరి ఒకవైపు, పండు ఒకవైపు. చేతులు మణికట్టు దాకా నల్లగా మారి ఉన్నాయి. కిలోకు ఇంతని కూలి. రోజంతా వంగి కూర్చుంటే నడుం పడిపోతుందని ఒకామె నవ్వుతూనే చెప్పింది. గింజలు కూడా వృథా పోవు. పిండి ఆడించి, బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి వాడతారు. నేను చేతిలో ఉన్న పండు చూపించి ఇది ఏ ఊరిదని అడిగితే, ఆమె నన్ను అమాయకురాల్ని చూసినట్టు చూసింది. "ఊరిని అడిగితే ఏం తెలుస్తాదక్కా? చెట్టును అడగల్ల. ఒక్కో చెట్టుది ఒక్కో గుణం. ఇది చూడు ఎర్రగా ఉండాది. ఇది నల్లగా, సన్నగా. రెండూ ఒకే చేన్లోవి" అని రెండు కాయలు పక్కపక్కన పెట్టింది.

ఆ మాట తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

ఇంటికొచ్చాక పరీక్ష మొదలుపెట్టాను. మా ఇంట్లో తక్కెడ చిన్నది. ఒక్కోటి ముప్ఫై గ్రాములు తూచి, ఒకే కొలత గోరువెచ్చని నీళ్ళలో, ఒకే రకం గిన్నెల్లో అరగంట నానబెట్టాను. ఏది ఎక్కడిదో గుర్తుకు గిన్నెలకు దారాలు కట్టాను. కుప్పానికి పచ్చది, తెట్టుకు తెల్లది, పుంగనూరుకు ఎర్రది. మా అత్తకు ఆ గుర్తులు చెప్పలేదు. మా ఆయనకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చారు వేడిగా ఉంటే చాలు ఆయనకు.

ముందు ఉత్త రసం నాలుక మీద వేసుకుని చూశాం. కుప్పం చింతపండు రసం పల్చగా ఉంది. నోట్లో పడీ పడగానే పళ్ళు జిల్లుమన్నాయి. తీపి వెతికినా దొరకలేదు. పిసికాక పిప్పి కూడా దానికే ఎక్కువ. తెట్టు చింతపండుకు గుజ్జు ఎక్కువ, రంగు ఎరుపు. ముందు తీపి తగిలి, మింగాక గొంతులో పులుపు తెలుస్తుంది. ఉత్తిదే చప్పరించాలనిపించేంత బాగుంది. పుంగనూరుది మధ్యరకం. మెచ్చుకోవడానికీ, వంక పెట్టడానికీ ఏమీ లేదు.

ఇక్కడ చిన్న సైన్సు పాఠం. ముప్ఫై ఏళ్ళు బడిలో చెప్పిన అలవాటు, ఓపిక పట్టండి. చింతపండులో పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ఉండేదీ ముఖ్యంగా అదే. మా మేనల్లుడి సీసాలకూ, మా అత్త జాడీకీ చుట్టరికం అక్కడ కలిసింది. మామూలుగా పండ్లు మగ్గేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరుగుతుంది. చింతకాయ అలా కాదు. పండినా ఆ ఆమ్లం ఎక్కడికీ పోదు. పైన చక్కెర వచ్చి చేరుతుంది, అంతే. గుజ్జులో పదో వంతుకు అటూ ఇటూగా ఆమ్లం, పావువంతుకు పైగా చక్కెర. అంత పులుపూ అంత తీపీ ఒకేచోట ఉన్న పండు ఇంకొకటి దొరకడం కష్టం. చింత చచ్చినా పులుపు చావదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రెండూ ఏ పాళ్ళలో ఉన్నాయన్నదే ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ తేడా.

తర్వాత చారు. ఇదే అసలు పరీక్ష. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు అన్నీ ఒకే కొలత. టమాటా ముక్క కూడా వెయ్యలేదు. మదనపల్లెలో ఉంటూ టమాటా లేకుండా చారు పెట్టడం కొంచెం అపచారమే. చేతికందే కాయ కదా అని మా ఊళ్ళో చింతపండు సగం తగ్గించి టమాటాతో సరిపెట్టే అలవాటు ఇంటింటా ఉంది. 2023 జులైలో మా మార్కెట్లోనే కిలో నూట యాభై రూపాయలు దాటినప్పుడు అందరికీ మళ్ళీ జాడీలు గుర్తొచ్చాయి!

మూడు చిన్న గిన్నెల్లో చారు పోసి, కొంచెం కొంచెం అన్నంతో మా అత్త ముందు పెట్టాను. పచ్చదారం గిన్నె ముందుగా తీసుకుంది. నాకు లోపల ఒక ఆశ. పుట్టింటి పక్క చెట్టు కదా, నాలుక గుర్తుపట్టకపోతుందా అని. ఒక ముద్ద తిని, "పళ్ళు పులిసే చింత ఇది. యాడిది?" అంది. చెప్పాను. ఫలానా వాళ్ళ చేన్లోది, మీ చెట్టుకు రెండు పొలాల అవతలిది అని. ఆమె ఏమాత్రం చలించలేదు.

"పక్కింటి పిల్ల మన పిల్ల అవుతాదా?" అంది.

పుంగనూరు వసారాలో ఆమె చెప్పిందీ ఇదే. గింజ నుంచి మొలిచిన చింతచెట్టు తల్లి పోలికతోనే ఉండాలని లేదు. పూతలో పుప్పొడి ఇంకో చెట్టు నుంచి వచ్చి ఉంటుంది. కాబట్టి ఒకే గట్టు మీద వరుసగా నిలబడ్డ నాలుగు చెట్లు నాలుగు రకాలు కావచ్చు. ద్రాక్షతీగ సంగతి వేరు. దాన్ని కొమ్మ కత్తిరించి నాటుతారు, లేదా అంటు కడతారు. ఎన్ని తోటల్లో నాటినా రకం అదే. అందుకే అక్కడ తోటను చూసి కొంటారు. మట్టి, ఎండ, తోట వయసు, చేసే మనిషి చెయ్యి వీటివల్ల వచ్చే తేడా అది. గింజతో పెరిగిన చింతకు తోట పేరూ, ఊరి పేరూ చాలవు. చెట్టు పేరు కావాలి. ఆ లెక్కన మా అత్త చెట్టు కొట్టేసినప్పుడు పోయింది ఒక చెట్టు మాత్రమే కాదు, ఆ రకమే పోయింది. ఒక్క అంటు కట్టి ఉన్నా మిగిలేది. అప్పుడెవరికి తోచింది?

తెల్లదారం గిన్నె ఖాళీ అయ్యింది. "ఇంకొంచెం పొయ్యి" అంది. నెలల తర్వాత ఆ ఇంట్లో వినపడ్డ మాట. మా ఆయన పేపర్లోంచి తల పైకెత్తి చూశారు. ఎర్రదారం గిన్నెలోది తిన్నది గానీ ఏమీ అనలేదు.

ఇక్కడితో తేలిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. తెట్టు చింతపండు పదిహేను కిలోలు చెప్పేస్తే సరి. తెట్టుకు ఇందులో ఇంకో గొప్ప కూడా ఉంది. అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన చింత రకాల్లో ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు. తెట్టు అమలిక. దానికి తోడుగా వచ్చిన ఇంకో రకం అనంత రుధిర. పేరుకు తగ్గట్టు దాని గుజ్జు రక్తంలా ఎర్రగా ఉంటుంది. అమలిక అంటే సంస్కృతంలో చింతే. సంతానవేణుగోపాలస్వామి గుడికి పోయేవాళ్ళకు తప్ప ఎక్కువమందికి తెలియని మా పల్లె పేరు నర్సరీ చీటీల మీదికి ఎక్కింది. మా టీచరు వాళ్ళ చెట్టు మాత్రం ఏ నర్సరీ నుంచీ వచ్చింది కాదు. వాళ్ళ తాతల నాటిది.

ఫోన్ చేసి పదిహేను కిలోలు కావాలంటే టీచరు నవ్వింది. "మేడమ్, ఈ ఏడు విరగకాసింది కాబట్టి మీకు ఇచ్చినాను. పోయినేడు బుట్టెడు కూడా రాలేదు. వచ్చే ఏడు ఎట్లుంటాదో చెట్టుకే తెలియాల" అంది. అదీ నిజమే. చింతచెట్టు ఒక ఏడు బాగా కాస్తే మరుసటి ఏడు సెలవు తీసుకుంటుంది. పైగా వాళ్ళ ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరికీ అదే చెట్టు. మిగిలితేనే మాకు. అన్నిటికన్నా రుచి అయిన చింతపండు రెండేళ్ళకొకసారి, అదీ దయతలిస్తే దొరుకుతుందన్నమాట.

అందుకే గెలుపు ఓటములు చెప్పేముందు ఇంకో మూడు వారాలు తీసుకున్నాను. వారానికి ఒక చింతపండు, ఇంటి వంట మొత్తానికీ. చారు, పులుసు, పులగూర, సంగట్లోకి ఊరిబిండి, శనివారం పులిహోర. మా అత్త పళ్ళెంలో పెట్టిన అన్నం ఏ రోజు పూర్తయిందో, ఏ రోజు మిగిలిందో క్యాలెండర్ మీద పెన్సిలుతో గీతలు పెట్టాను. పాలవాడి లెక్క పక్కనే.

కుప్పం వారంలో పూర్తయినవి మూడు రోజులు. ఆ మూడూ పులుసు పెట్టిన రోజులే. బెల్లం ముక్క వేసి, అనపగింజలతో పులుసు కాస్తే ఆ చింతపండుకు తిరుగులేదు. పల్చటి చారులో పళ్ళు జిల్లుమనిపించిన పులుపే, చిక్కటి పులుసులో బెల్లాన్ని, కారాన్ని రెంటినీ నిలబెట్టింది. తెట్టు వారంలో ఏడుకు ఏడు రోజులూ పూర్తి. కానీ పులిహోర మాత్రం నాకు నచ్చలేదు. తీపి ఎక్కువై, మరుసటి రోజుకు చప్పబడింది. పుంగనూరు వారంలో ఆరు రోజులు. మిగిలిన ఆ ఒక్కరోజు ఆదివారం. మనవరాలు బెంగుళూరు నుంచి తెచ్చిన కేకు తిని కడుపు నిండిందంది. దాన్ని చింతపండు ఖాతాలో రాయడం అన్యాయం.

పుంగనూరుది ఆమె ఒక్కరోజు కూడా మెచ్చుకోలేదు. ఒక్కరోజు కూడా వంక పెట్టలేదు. మా అత్తతో ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేసినదాన్ని. వంక పెట్టకుండా తినడమే ఆమె ఇచ్చే ఫస్టుక్లాసు మార్కు.

మండీ చింతపండు అలా నిలకడగా ఎందుకుందో ఆ వసారాలో చూసినదాన్ని బట్టి అర్థమైంది. పదూళ్ళ నుంచి, వందల చెట్ల నుంచి వస్తుంది. పుల్లటిదీ తియ్యటిదీ అన్నీ ఆ రాశిలో కలుస్తాయి. ఆడవాళ్ళు రంగును బట్టి ఏరి, నల్లబడిందీ పురుగు పట్టిందీ పక్కకు తీస్తారు. ఒక చెట్టు ఈ ఏడు కాయకపోతే ఇంకోటి కాస్తుంది. అందుకని ఏ ఏడాదికాయేడు పెద్ద తేడా తెలియదు. ఆణిముత్యం దొరకదు గానీ, మోసపోవడమూ ఉండదు. ఏరే చేతులు మంచివైతేనే ఇదంతా. అంగట్లో నిగనిగలాడుతూ తడితడిగా అంటుకునే చింతపండును చూసి మురిసిపోకండి. తూకం కోసం నీళ్ళు చల్లినా అలాగే ఉంటుంది. గుప్పెడు తీసుకుని పిండి, వదలండి. మెల్లగా విచ్చుకుంటే మంచిది. ముద్దలా ఉండిపోతే తడి ఎక్కువ ఉన్నట్టే. నాలుక్కి ఉప్పు తగిలితే ధర అడగకుండానే వచ్చేయండి.

ధర సంగతీ చూశాను. తెట్టుది కిలోకు పుంగనూరు కంటే నలభై రూపాయలు ఎక్కువ పడింది. కుప్పానిది ముప్ఫై తక్కువ. కానీ ఈనెలు, పిప్పి తీసేసి చూస్తే కుప్పం చింతపండు చవక ఏమీ కాదు. అదే పులుపుకు చిటికెడు తక్కువ పడుతుందన్న మాట నిజమే గానీ, చారులో పనికిరాని పులుపును పొదుపు కింద ఎలా లెక్కవేస్తాం?

చివరికి ఇలా తెగ్గొట్టాను. ఏటా పుంగనూరుది పది కిలోలు, అదే వసారా నుంచి. మండీ ఆయన ఫోన్ నంబరు వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టాను. కుప్పానిది రెండు కిలోలు, పులుసులకూ, ఊరగాయలకూ. తెట్టు చెట్టు కాసిన ఏడు మూడు కిలోలు, కాయని ఏడు ఆ మూడు కూడా పుంగనూరువే. ఈ ఏటి మూడు కిలోలు మాత్రం మా అత్త చారుకు తప్ప దేనికీ ముట్టుకోకూడదు. పాత జాడీలు కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టి, రాళ్ళ ఉప్పు పొర, చింతపండు పొర వేసి ఆమె చేతులతోనే కూర్చింది. చేతులు వణుకుతున్నాయి. అయినా నన్ను ముట్టనివ్వలేదు. కూతురికి పంపాల్సిన పొట్లంలో తెట్టుది కొంచెం వెయ్యనా అని అడిగితే, "దానికి నాలుక బాగానే ఉంది కదా, పుంగనూరుది పంపు" అంది.

కొడుకు ఫోన్లో ఇదంతా విని, మన చేన్లో తెట్టు అమలిక అంటుమొక్కలు రెండు పెడదామన్నాడు. గింజ నాటిన చెట్టు కాపుకు రావాలంటే ఎనిమిది, పదేళ్ళు. అంటుమొక్కయితే నాలుగో ఏటి నుంచే కాయలు మొదలవుతాయి. స్పీకర్ పెట్టి ఉంది. మా అత్త వింటోంది. నాలుగేళ్ళు అన్న మాట దగ్గర నాకు నోరు పెగల్లేదు. ఎనభై మూడుకు నాలుగు కలపడం ఎంతసేపు?

ఆమె మాత్రం ఏ లెక్కా వెయ్యలేదు. ఫోన్ దగ్గరికి వంగి, "రేయ్, బావి పక్కన పెట్టొద్దు. వేర్లు వరలు తోసేస్తాయి. పడమటి గట్టు మీద పెట్టండి. మధ్యాహ్నం ఆవులకు నీడుంటాది" అని చెప్పింది. తర్వాత జాడీ మూతకు గుడ్డ కట్టమని నా వైపు తిరిగింది.